సాక్ష్యం ముగిశాక మిగిలిన మాట



మన ఊరి పేరు రోజుకు పదిసార్లు పలుకుతాం. ఆ పేరులో ఏముందో ఆగి విన్నది తక్కువ. కొత్తవలస. కొత్తగా వలస వచ్చినవాళ్ళ ఊరు. చుట్టుపక్కల కూడా ఇదే మాట వినబడుతుంది. భీమిలి వైపు తగరపువలస, చిట్టివలస. శ్రీకాకుళం వైపు ఆమదాలవలస. అరకు వెళ్ళే కొండ లైను మీద కరకవలస. వలస అంటే ఇప్పుడు మనకు కూలిపనికో ఉద్యోగానికో ఊరు విడిచి పోవడం. వెనకటి రోజుల్లో యుద్ధం వచ్చినా కరువు వచ్చినా ఇళ్ళు వదిలి జనమంతా కదిలిపోవడాన్ని కూడా వలస అనేవారు. కాబట్టి ఇలాంటి పేరున్న ఊళ్ళలో మొదట గుడిసె వేసుకున్నవారు వెనక ఏదో ఒకటి వదిలి వచ్చినవారే అనుకోవాలి. ఏం వదిలి వచ్చారు? ఎందుకు? మన ఇళ్ళలో దీనికి జవాబు తెలిసినవారు ఎందరు?

ఈ ప్రశ్నతోనే మన మందిరం వరండాలో నెలకొక ఆదివారం సాయంత్రం కూర్చోవడం మొదలుపెట్టాం. ఆ కూర్చోవడానికి పేరేమీ పెట్టలేదు. పెద్దవాళ్ళు తమ బతుకు చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. సంఘంలోనివారే కాక వీధిలోనివారు కూడా వస్తున్నారు. ఎందుకు మొదలుపెట్టామో చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మన సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేవారు. ఏటా కృతజ్ఞత కూడికలో లేచి సాక్ష్యం చెప్పేవారు. జబ్బు చేయడం, ప్రార్థన చేయడం, బాగుపడడం. మూడు ముక్కల్లో ముగించేవారు, ఎందుకంటే మేము అలాగే నేర్పాం. ఒక ఏడు మాత్రం వేరేగా మొదలుపెట్టారు. "ఆ కొండ లైనేసినపుడు నానూ మట్టి మోసినాను అయ్యగారూ, మా పెద్దోడు కడుపులో ఉన్నాడు" అన్నారు. మేము గడియారం చూశాం. ఇంకా నలుగురు సాక్ష్యం చెప్పాలి, తర్వాత వాక్యం, ఆ తర్వాత భోజనాలు. "అమ్మా, దేవుడు చేసిన మేలు క్లుప్తంగా చెప్పండి" అన్నాం. ఆమె చిన్నగా నవ్వి, ఎప్పటి జబ్బు సంగతే చెప్పి కూర్చున్నారు.

తర్వాత రెండేళ్ళకు ఆమె ప్రభువునందు నిద్రించారు. సమాధి దగ్గర ఆమెను గురించి నాలుగు మాటలు చెప్పవలసి వచ్చినప్పుడు మా దగ్గర ఉన్నది ఆ ఒక్క వాక్యమే. ఎక్కడ మోశారు, ఎవరితో వెళ్ళారు, రోజుకు ఎంత ఇచ్చేవారు, ఆ బిడ్డ ఎక్కడ పుట్టాడు, ఏమీ తెలియదు. పెద్దకొడుకును అడిగాం. "మాకెప్పుడూ చెప్పలేదండి" అన్నాడు. ఆమె చెప్పబోయారు. ఆపింది మేము.

ఆ లైను గురించి ఏమేమి రాసి ఉందో తర్వాత వెతికాం. చాలానే రాసి ఉంది. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు అమ్మడానికి 1960లో ఒప్పందం జరిగింది. బైలదిల్లా నుంచి ఏడాదికి 40 లక్షల టన్నులు పంపాలన్నది అందులోని మాట. కొండల అవతల ఉన్న ఖనిజం విశాఖ రేవుకు చేరాలంటే రైలు కావాలి. అప్పుడు దండకారణ్య–బోలాంగీర్–కిరిబురు పథకం కింద, మన కొత్తవలసలో ప్రధాన లైను నుంచి చీలి, శృంగవరపుకోట, బొర్రా, అరకు, కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల దారి వేశారు. 1960లు ముగిసేలోగా ఖనిజం బళ్ళు కిందికి దిగడం మొదలైంది. మన దగ్గర పల్లంలో బయలుదేరిన బండి సిమిలిగూడ చేరేసరికి సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదని దానికి చాలాకాలం పేరు. దారిలో 58 సొరంగాలు.

టన్నులకు లెక్క ఉంది. మీటర్లకు లెక్క ఉంది. సొరంగాలకు నంబర్లు కూడా ఉన్నాయి. నెత్తిన తట్ట పెట్టుకుని ఆ మట్టి మోసిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం మేము చూసిన ఏ కాగితంలోనూ లేవు. అంతకు ముందు 1893–1896 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీరం రైలు వేసినప్పటి సంగతి కూడా అంతే. మన ఊరి మీదుగా పోయే మద్రాసు–హౌరా లైను ఆనాటిదే. దానికి మట్టి పోసినవారి మనవలూ మునిమనవలూ ఈ చుట్టుపక్కల ఎందరో ఉండి ఉంటారు. వాళ్ళకే ఆ సంగతి తెలియదు.

ఇది రైల్వేవాళ్ళను తప్పుపట్టడానికి రాయడం లేదు. ఎవరిని అడుగుతారో వారి చరిత్రే మిగులుతుంది. తెలుగు ఊళ్ళ చరిత్రను ఊళ్ళోవాళ్ళ నోటనే విని రాసుకున్న పని ఒకటి రెండువందల ఏళ్ళ క్రితమే జరిగింది. కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, అంటే బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, తామూ తమ మనుషులూ ఊరూరా తిరిగి గ్రామ కైఫీయతులు పోగుచేశారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయినా తమ్ముళ్ళు ఆ పని నడిపారు. మెకంజీ తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించాడు. ఈ రోజు ఎవరైనా తమ ఊరి పాత సంగతులు తెలుసుకోవాలంటే ఆ కైఫీయతులే పెద్ద దిక్కు. ఆ సోదరుల కష్టానికి మనం ఋణపడి ఉన్నాం.

అయితే వాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి అడిగింది ఎక్కువగా కరణాలను, గుడి పూజారులను, పెద్ద కుటుంబాలవాళ్ళను. అందుకని కైఫీయతుల్లో రాజులున్నారు, అగ్రహారాలున్నాయి, ఈనాములున్నాయి, చెరువు ఎవరు తవ్వించారో ఉంది. చెరువు తవ్వినవారు లేరు. మనకు దగ్గరలోని పద్మనాభం యుద్ధమే తీసుకోండి. 1794 జూలై 10న విజయనగరం రాజు రెండవ విజయరామరాజు అక్కడ కుంపిణీ సైన్యంతో పోరాడి చనిపోయారు. ప్రతి చరిత్ర పుస్తకంలోనూ ఆ తేదీ ఉంది. ఆ పూట ఫిరంగి మోత విని పిల్లలను చంకన వేసుకుని ఎటు పోవాలో తెలియక పరుగెత్తిన తల్లులు ఎవరని అడిగినవారు లేరు.

మరి మన క్రైస్తవ సంఘాల చరిత్ర ఏమైనా మెరుగా? నిజాయితీగా చూసుకుంటే కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. నాలుగైదేళ్ళలోనే ఇద్దరూ ఇక్కడే ప్రాణాలు విడిచారు. వారి పేర్లు మనకు తెలుసు, తెలియాలి కూడా. వారు సువార్తలను తెలుగులోకి తెస్తుంటే పక్కన కూర్చుని మాట మాట సరిచూసిన ఆనందరాయరు పేరు మన బైబిలు స్కూలు పిల్లల్లో ఎందరికి తెలుసు? 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో పని ప్రారంభించారని చెప్పుకుంటాం. అంతకు ముందే అక్కడ సంఘం కట్టి, వారిని రమ్మని పిలిచిన థామస్ గాబ్రియేలు తెలుగువాడు. ఆయన పేరు తలచుకునేది ఎప్పుడు? ఇక ఇంటింటికీ నడిచి ఆడవాళ్ళకు అక్షరాలు, వాక్యం నేర్పిన బైబిలు స్త్రీలున్నారు. పాత నివేదికల్లో చాలాసార్లు వారికి పేరు కూడా ఉండదు, 'ఒక బైబిలు స్త్రీ' అని ఉంటుంది.

అప్పుడు మాకు అర్థమైంది. ఆ పెద్దమ్మకు మేము చేసింది కొత్తదేమీ కాదు. కరణాన్ని అడిగి చెరువు తవ్వినవాణ్ణి అడగనివారు ఏం చేశారో, దొరగారి పేరు రాసి బైబిలు స్త్రీ పేరు రాయనివారు ఏం చేశారో, మేమూ అదే చేశాం. తేడా ఒక్కటే. వాళ్ళు అడగలేదు. మేము, ఆమె అడగకుండానే చెబుతుంటే ఆపాం.

ఇక్కడ సాక్ష్యం గురించి ఒక మాట. సాక్ష్యం మనకు విలువైనది. దానిని తక్కువ చేయడం లేదు. కానీ మనం దానికి ఒక అచ్చు చేసిపెట్టాం. ముందు చీకటి, తర్వాత వెలుగు, చివర స్తోత్రం. బతుకులో ఆ అచ్చులో పట్టే భాగం కొంతే. మట్టి మోసిన ఆరు నెలలు అందులో పట్టవు. మొగుడు కలకత్తా జనపనార మిల్లుకు పోయి ఉత్తరం రాయని ఏళ్ళు పట్టవు. ఇంకా తీరని బాధ అసలే పట్టదు, ఎందుకంటే దానికి చివర స్తోత్రం ఎక్కడ పెట్టాలో చెప్పేవారికి తెలియదు. సంఘంలో అందరి సాక్ష్యాలూ ఒకేలా వినబడుతున్నాయంటే అందరి బతుకులూ ఒకేలా ఉన్నాయని కాదు. వినేవాళ్ళం ఒకేలా వింటున్నాం.

వినేవారిని బట్టి చెప్పే కథ ఎంత మారుతుందో చూపించే సంగతి ఒకటి అమెరికా చరిత్రలో ఉంది. అక్కడ 1936–1938 మధ్య ప్రభుత్వం రచయితలకు పని కల్పించి, బానిసత్వంలో పుట్టి తర్వాత విడుదల పొందిన ముసలివారి మాటలు రాయించింది. 2,300 మందికి పైగా చెప్పారు. రాసుకున్నవారిలో ఎక్కువ మంది తెల్లవారు. చార్లెస్టన్ నగరంలో సూసన్ హామ్లిన్ అనే ముసలమ్మను వేరువేరు రోజుల్లో ఇద్దరు కలిశారు. మొదట వెళ్ళినామె తెల్లజాతి స్త్రీ. ఆమెను సహాయం ఇచ్చే ఆఫీసు మనిషి అనుకున్న ముసలమ్మ, తన యజమాని మంచివాడనే చెప్పింది. తర్వాత నల్లజాతివాడైన అగస్టస్ లాడ్సన్ వెళ్ళాడు. అతనికి కొరడా దెబ్బల గురించి, తల్లి దగ్గర నుంచి బిడ్డలను అమ్మేయడం గురించి చెప్పింది. మనిషి ఒక్కరే, నోరు ఒక్కటే. ఎదురుగా కూర్చున్నవారు మారారు.

ఇది చదివి మేము మన ఊరిని తలచుకున్నాం. ఎవరైనా కాగితం కలం పట్టుకుని వీధిలోకి వస్తే మన ముసలివాళ్ళు ముందు అడిగేది "పింఛను కోసమా బాబూ?" అనే కదా. పాస్టరు ఎదురుగా కూర్చుంటే సాక్ష్యం వస్తుంది. ఆఫీసరు కూర్చుంటే అర్జీ వస్తుంది. పెద్దింటివారు కూర్చుంటే దండం వస్తుంది. బతుకు ఎవరు కూర్చుంటే వస్తుంది?

తెలుగునాట దీనికి మంచి జవాబు ఇచ్చినవారు ఉన్నారు. 1946–1951 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్ళి, వారి జీవిత కథలు వారి నోటనే విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా తెచ్చారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారి మాటలు అందులో ఉన్నాయి. ఆ పోరాటం మీద అప్పటికే నాయకులు రాసిన పుస్తకాలు ఉన్నాయి. ఈ స్త్రీలు చెప్పినవి వేరు. అడవిలో తిండి ఏమిటి, బిడ్డను ఏం చేశారు, పోరాటం ముగిశాక ఇక ఇంటికి వెళ్ళి సంసారం చూసుకోండని పంపేస్తే ఎలా అనిపించింది. ఆ పోరాటపు రాజకీయం గురించి మనలో ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. కానీ అడిగినవారూ ఆడవాళ్ళే కావడం, తీర్పు చెప్పడానికి కాక వినడానికి కూర్చోవడం వల్ల ముప్పై అయిదేళ్ళు నోట్లోనే ఉండిపోయిన మాట బయటికి వచ్చింది.

అందుకే మన వరండాలో మొదట చేసిన పని మా కుర్చీ తీసేయడం. మేము చాప మీద వెనక కూర్చుంటాం. అడిగేది ఇంటర్ చదివే పిల్లలు. వాళ్ళు ఎక్కువగా మనవరాళ్ళ వయసువారే. మనవరాలు అడిగితే మామ్మ చెప్పే తీరు వేరు. "చివరికి ప్రభువు ఏం చేశాడు మామ్మా?" అని ముగింపు అడగవద్దని పిల్లలకు ముందే చెప్పాం. ఆమె అంతట ఆమె చెబితే సంతోషం. చెప్పకపోతే కథ అక్కడికే ఆగుతుంది.

రెండవది, మాట ఎలా వస్తే అలాగే రాయడం. "ఎల్లినాం, సేసినాం" అంటే "వెళ్ళాము, చేశాము" అని దిద్దవద్దన్నాం. ఇందులో మనకు గురువు మన ఉత్తరాంధ్రవాడే. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవరల మధ్య కూర్చుని వారి భాష నేర్చుకుని, దానికి వాచకాలు, వ్యాకరణం రాశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మామ్మ మాటను దిద్దేసి ఆ రోజు దండ వేస్తే ప్రయోజనం లేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాష్టారు 1997లో కథానిలయం పెట్టి అచ్చయిన తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లు చూపించారు. అచ్చుకాని కథలకు ఇల్లు మన వరండాలే.

మూడవది, తప్పు చెప్పారని ఎవరినీ ఆపకపోవడం. ఒక తాతగారు కొండ లైనును నెహ్రూగారే వచ్చి ప్రారంభించారని, తాను కళ్ళారా చూశానని గట్టిగా చెప్పారు. నెహ్రూగారు 1964 మే 27న చనిపోయారు. అప్పటికి లైను పూర్తి కాలేదు. పిల్లల్లో ఒకడు ఫోను తీసి చూపించబోయాడు. మేము సైగ చేసి ఆపి, "ఆ రోజు మిమ్మల్ని ఎవరు తీసుకెళ్ళారు తాతా?" అని అడగమన్నాం. "మా నాన్న బుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. సముద్రం కనబడింది, పెద్ద ఓడ" అన్నారాయన. అప్పుడు తెలిసింది. విశాఖలో కట్టిన 'జల ఉష' ఓడను 1948 మార్చి 14న నెహ్రూగారు నీటిలోకి దింపారు. చిన్నపిల్లవాడిగా ఆయన చూసింది అది. తర్వాత పెద్దవాడై పనిచేసింది కొండ లైను మీద. అరవై, డెబ్బై ఏళ్ళలో రెండూ ఒకటైపోయాయి. తేదీ తప్పే. తండ్రి బుజం తప్పు కాదు. ఆ తప్పును అక్కడే కొట్టేసి ఉంటే ఓడ కథ మనకు దక్కేది కాదు.

అలా చెప్పినవారి అనుమతితో ఒకటి రెండు సంగతులు రాస్తున్నాం.

ఒక పెద్దాయన తండ్రి రంగం వెళ్ళారు. మన వైపు రంగూన్‌ను రంగం అంటారని చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో మన జిల్లాల నుంచి ఎందరో ఓడ ఎక్కి బర్మా వెళ్ళి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షల మంది భారతీయులు బర్మా వదిలి బయలుదేరారు. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి నడిచారు. దారిలో వేలమంది జబ్బుతో, ఆకలితో రాలిపోయారు. ఈ పెద్దాయన తండ్రి నడిచి వచ్చినవారిలో ఒకరు. ఆయన ఇల్లు చేరేసరికి విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. అది 1942 ఏప్రిల్ 6. పట్నం జనం పల్లెలకు వచ్చేస్తున్నారు. "ఎవడి బాంబుకు దడిసి మా అయ్య రంగం నుంచి నడిసొచ్చినాడో, ఆళ్ళ దేశానికే మళ్ళీ నాను రాయి పంపినాను" అన్నారు కొడుకు. ఆయన కొండ లైను మీద గ్యాంగ్‌మన్‌గా చేశారు. ఖనిజాన్ని ఆయన రాయి అనే అంటారు. అంతమంది ఉన్నా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తండ్రి భయం, కొడుకు జీతం ఒకే దేశంతో ముడిపడ్డాయి. రెండు తరాల్లో ప్రపంచం ఎంత తిరిగిందో ఏ పాఠ్యపుస్తకమూ మాకు అంత బాగా చెప్పలేదు.

ఒకామె గోగునార గురించి చెప్పారు. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేసి, కుళ్ళిన తర్వాత నడుం లోతు నీళ్ళలో నిలబడి నార తీయాలి. ఆ వాసన నెలల తరబడి ఒంటిని వదలదు. పెళ్ళికి వెళితే పక్కవాళ్ళు జరిగి కూర్చునేవారట. ఆ నార జూట్ మిల్లుకు పోయేది, గోనె సంచి అయ్యేది. "ఆ సంచి మీద కూసున్నప్పుడు ఎవుడికీ వాసన రాదు" అని నవ్వారు.

పెద్దవాళ్ళకే చెప్పడానికి ఉంటుందని అనుకున్నాం. ఒక సాయంత్రం ఇరవై ఏళ్ళు దాటిన కుర్రాడు నేను చెప్పవచ్చా అని అడిగాడు. 2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి. మన కంటకాపల్లి, అలమండ మధ్య పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొని 14 మంది చనిపోయిన రాత్రి. ఫోను వెలుతురులో పట్టాల మీదకు వెళ్ళినవారిలో తానున్నానని, అప్పటి నుంచి రైలెక్కితే చివరి పెట్టెలో కూర్చోలేకపోతున్నానని చెప్పాడు. అతని తల్లికి కూడా ఆ మాట తెలియదు. వరండాలో అందరితోపాటు మొదటిసారి విన్నది. ఆ కుర్రాడు మన ఆరాధనకు ప్రతి వారం వస్తాడు. ఇన్నాళ్ళూ మేము అతన్ని "బాగున్నావా?" అని అడుగుతున్నాం, "బాగున్నాను" అంటున్నాడు.

నాలుగవ నియమం మేము పెట్టింది కాదు. ఒక కుటుంబం మాకు నేర్పింది. ఒక పెద్దాయన తన చిన్నతనం గురించి చాలాసేపు చెప్పారు. ఆయన మనవరాలు తలవంచుకుని వింది. మర్నాడు ఉదయం మా ఇంటికి వచ్చి, ఆ రికార్డు తీసేయమని అడిగింది. "మా అత్తవారింట్లో తెలిస్తే బాగుండదు అయ్యగారూ" అంది. మేము పెద్దాయన దగ్గరకు వెళ్ళాం. ఆయన కాసేపు ఆలోచించి, తీసేయండి అన్నారు. తీసేశాం. ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయం, ఎక్కడా చెప్పం. చరిత్ర పోయిందని మాకు దిగులుగా ఉన్న మాట నిజం. కానీ అది మా చరిత్ర కాదు. చెప్పినవారి సొత్తు. ఇన్నేళ్ళూ వాళ్ళ దగ్గర ఏమీ మిగలనివ్వని లోకంలో, వాళ్ళ కథ అయినా వాళ్ళ చేతిలో ఉండాలి కదా. ఇప్పుడు ప్రతివారినీ ముందు అడుగుతాం: దాచమంటారా, పదిమందికి చెప్పమంటారా, విని మరిచిపొమ్మంటారా?

లూకా తన సువార్త మొదట్లోనే ఒక సంగతి చెబుతాడు. కళ్ళారా చూసినవారు అప్పగించిన సంగతులను మొదటి నుంచి జాగ్రత్తగా విచారించి రాశానంటాడు. అంటే మన చేతిలో ఉన్న సువార్త కూడా ఒకరు ఓపికగా కూర్చుని విన్నందువల్ల వచ్చింది. యెహోషువ యొర్దాను దాటాక పన్నెండు రాళ్ళు నిలబెట్టించాడు. పిల్లలు చూసి, ఈ రాళ్ళు ఏమిటని అడగాలని. మన ఊళ్ళో రాళ్ళకు కొదవ లేదు. లైను కింద కంకర ఉంది, పెట్టెల్లో ఖనిజం పోతోంది. ఇవి ఎవరు మోశారని అడిగే పిల్లలే కావాలి, అడిగినప్పుడు గడియారం చూడని పెద్దలూ కావాలి.

కాబట్టి దూరాన ఉన్న పిల్లలకు మా మనవి. ఈ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు భోజనం చేశారా, మందులు వేసుకున్నారా అని అడిగాక ఫోను పెట్టేయకండి. "మామ్మా, మనవాళ్ళు ఈ ఊరికి ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడగండి. జవాబు మెల్లగా వస్తుంది. దారి తప్పుతుంది. చెప్పిందే మళ్ళీ చెబుతారు. తప్పనివ్వండి. రికార్డు చేసుకునే ముందు అడిగి చేయండి. పేరు, తేదీ రాసి ఉంచండి. ఏ ఏడు జరిగిందో చెప్పలేకపోతే, విజయనగరం వేరే జిల్లా అయిన 1979కి ముందా తర్వాతా, 2014 హుద్‌హుద్ తుపానుకు ముందా తర్వాతా అని అడగండి. గురుతుకు వస్తుంది.

మొన్న ఆ పెద్దమ్మ కొడుకు వచ్చి వరండాలో కూర్చున్నాడు. తల్లి గురించి తనకు తెలిసింది చెప్పమన్నాం. తెలిసింది తక్కువే. ఆమె కుడి అరచేతిలో ఒక పాత మచ్చ ఉండేదట, ఎలా అయిందని తాను ఎన్నడూ అడగలేదట. మా పుస్తకంలో ఆమె పేరు రాసుకున్నాం. దాని కింద ఆమె చెప్పిన ఒక్క వాక్యం, దాని కింద ఆ మచ్చ. మిగతా పేజీ ఖాళీగానే ఉంచాం. ఆ రోజుల్లో ఆమెతో కొండకు వెళ్ళినవారు మన చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా ఇంకా ఉంటే, మీ ఇంట్లోనే ఉంటే, దయచేసి తీసుకురండి. నడవలేకపోతే కబురు పెట్టండి, మేమే వస్తాం.

ప్రభువు మన నోళ్ళతోపాటు మన చెవులను కూడా ఆశీర్వదించును గాక. ఆమేన్.